రొట్టెల బండి ఈల

కొండ ఎక్కేటప్పుడే ఈల, అంది యాద్రాంకా.
దిగేటప్పుడు నోరు మెదపదు.
వెనక సీట్లు పీకేసిన పాత ఆక్టావియా డీజిలు,
సీట్ల చోట రొట్టెల ట్రేలు.
వ్లాషిచ్ మలుపుల్లో రెండో గేరు వేస్తే చాలు,
తారులాంటి పొగ.
"వెనకొచ్చేవాళ్ళు నా రొట్టెలు మాడాయనుకుంటున్నారయ్యా."

అప్పటికే ముగ్గురు చూశారట.
ఒకడు ఫిల్టరు మార్చాడు.
ఒకడు టర్బో పోయిందన్నాడు, బానెట్ ఎత్తకుండానే.
మూడోవాడు అమ్మెయ్యమన్నాడు,
కొనేది తనే.

రెఫిక్ మాస్టారు ఏమీ అనలేదు.
ఆయన ఎడమ చెవిని
జెనీత్సా ఉక్కు మిల్లు ఎప్పుడో ఉంచేసుకుంది.
మిగిలిన కుడి చెవికి రబ్బరు గొట్టం ఆనించి
రెండో కొస ఇంజను మీద తిప్పి తిప్పి
"గాలి పోతోంది" అన్నాడు.
ఎక్కడ?
"చూపించమని గాలినే అడుగుదాం."

పొగ యంత్రం కొనే స్తోమత మాకెప్పుడూ లేదు.
ఖాళీ పెయింటు డబ్బా,
అందులో అరగ్లాసు బేబీ ఆయిలు,
మూతకి బిగించిన పాత గ్లో ప్లగ్గు,
పక్కనో సైకిలు పంపు.
గాలి పీల్చే గొట్టం మూతికి
రేగుపళ్ళ జామ్ సీసా దిగ్గొట్టి
బ్యాటరీ తగిలించాం.
పసిపిల్లల వాసనతో తెల్లటి పొగ.
పంపు కొట్టాను, చంకలు తడిసేదాకా కొట్టాను.

ఇంటర్‌కూలర్ గొట్టాలు బుద్ధిమంతులు.
ఈజీఆర్ దగ్గర ఏమీ లేదు.
అప్పుడు మానిఫోల్డ్ వెనక,
ఇంజనుకీ ఫైర్‌వాల్‌కీ మధ్య,
చెయ్యి దూరని ఆ సందులోంచి
దారప్పోగంత పొగ
తీరిగ్గా లేచింది.
నాలుగో సిలిండరు. కొసన బోల్టు.

నాకు గుర్తుంది ఆ బోల్టు.
పోయిన నవంబరులో గ్యాస్కెట్ మార్చింది నేనే.
సాయంత్రం అయిదు, వేళ్ళు కొయ్యబారాయి,
రెంచి అందలేదు.
చేత్తో తిప్పినంత తిప్పి
అంతా అయిందన్నాను.
ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.
పెయింటు డబ్బా పట్టింది.

మాస్టారు నా వంక చూడలేదు.
పెట్టె వెతికి
మెడ తిరిగే జాయింటొకటి నా చేతిలో పెట్టాడు.
"చెయ్యి దూరని చోటికి ఇది దూరుతుంది.
నవంబరులో కూడా ఈ పెట్టెలోనే ఉంది."

మానిఫోల్డ్ ఊడదీశాం.
లోపల గడ్డకట్టిన మసి,
నెలల తరబడి తోమని మూకుడు అడుగు.
పాత గ్యాస్కెట్ పెచ్చులు చెక్కపేడుతో గీకాను,
ఇనుముతో గీకితే చారలు పడతాయని.
ఉక్కు స్కేలు అడ్డంగా ఆనించి వెనక దీపం పట్టాడాయన.
వెలుగు దూరే చోట గాలీ దూరుతుంది.
ఎక్కడా దూరలేదు.
కొత్త గ్యాస్కెట్, పన్నెండు మార్కులు.
బోల్టులు నడుమ నుంచి కొసలకి,
ఇటొకటి అటొకటి,
ఒక్కసారే కాదు, మూడు విడతలుగా.

చివరిది బిగిసినప్పుడు
టార్క్ రెంచి క్లిక్‌మంది.
నేను ఆయనకి ఎడమ పక్కనున్నాను.
"పలికిందా?" అని అడిగాడు.
అబద్ధమాడాలంటే
అంతకంటే మంచి చోటు గరాజులో లేదు.
ఇటు రండి మాస్టారూ, అన్నాను.
ఆయన కుడి చెవి దగ్గర మళ్ళీ పలికించాను.

తప్పు నాదని యాద్రాంకాకి చెప్పాను.
ఆవిడ వేళ్ళ మీద లెక్కేసింది:
ఫిల్టరు డబ్బు, తాగిన డీజిలు,
మలుపుల్లో తిన్న తిట్లు.
మేం కూలీ అడగలేదు.
రోజూ ఇచ్చే రొట్టె
ఆ రోజు ఇవ్వలేదు.

మంగళవారం మళ్ళీ వచ్చింది.
బండి ఆపి తలుపు ధనామని వేసింది.
పొగ లేదు, కొండ మేకలా ఎక్కుతోంది,
అంతా బాగానే ఉంది, కానీ
పైన ఒక్కరూ బయటికి రావట్లేదు!
నాలుగు నెలలుగా ఈల విని
సంచులు పట్టుకుని వాకిట్లో నిలబడేవాళ్ళట.
ఇప్పుడు హారన్ కొడుతుంటే
కుక్కలొస్తున్నాయి.
"ఏం చేస్తారో చెయ్యండి. ఎవరు నష్టపోవాలి?"

రెఫిక్ మాస్టారు చేతులు తుడుచుకుంటూ
నింపాదిగా
ఎడమ చెవి ఆవిడ వైపు తిప్పాడు.